నానమ్మ ఎడమ చెంప మీది ఎండ

మా నానమ్మ బక్కమ్మ ఒక్కతే మింగినంత ఎండను సంగారెడ్డి జిల్లాలో ఉన్న సోలార్ పలకలన్నీ కలిసినా మింగలేదు. ఆమె చేలోకి దిగిందంటే సూర్యుడే నెత్తికి తువ్వాల చుట్టుకునేవాడు. మిట్టమధ్యాహ్నం ఆమె కొడవలి ఆపి ఒక్కసారి పైకి చూస్తే ఎండ రెండడుగులు వెనక్కి వేసేదని మా తాత నర్సన్న చెప్పేవాడు. తాత ఆ మాట కల్లు తాగి వచ్చిన రోజుల్లోనే చెప్పేవాడు గానీ, ప్రతిసారీ రెండడుగులే అనేవాడు. అబద్ధమైతే ఒకసారన్నా మూడయ్యేది కదా.

అలాంటి మనిషికి ఎండ తక్కువైందని డాక్టరమ్మ తేల్చింది. ఆ మాటకు నానమ్మ పడ్డ అవమానం, తర్వాత పడ్డ పాట్లు, చివరికి ఆమెను లేపి నిలబెట్టిన మనుషులు, ఇవన్నీ మరిచిపోకముందే రాసి పెట్టాలని కూర్చున్నాను. ఇంటర్ దగ్గర నా చదువు ఆగింది. ఆగింది అనడం మర్యాద. లెక్కల పేపరు ఆపింది. అందువల్ల ఇంట్లో అందరికంటే ఖాళీగా ఉండేదాన్ని నేనే, నానమ్మ వెంట తిరిగినదాన్నీ నేనే.

నానమ్మ పుట్టింది రుద్రారం పక్కన ఒక చిన్న ఊళ్లో. పెళ్లయి చిట్కుల్ వచ్చింది. అక్కడా ఇక్కడా చేసింది ఒకటే పని, వేరేవాళ్ల చేలల్లో కూలి. జొన్న కోసింది, కంది కొట్టింది, వరి నాటింది, చెరకు నరికింది. తర్వాత ఆ చేలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి, షెడ్లయ్యాయి. ఒకప్పుడు తాను కలుపు తీసిన నేల మీదే లేచిన మందుల కంపెనీలో, కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పనికి చేరింది. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు. ఆ హాలుకు కిటికీ లేదు. తెల్లారకముందే బస్సు ఎక్కేది, చీకటి పడ్డాక దిగేది.

"బయట వానొచ్చిందా ఎండొచ్చిందా అని చాయ్ తెచ్చేటోన్ని అడిగేటోళ్లం" అంటుంది ఇప్పటికీ.

వయసైపోయిందని కంపెనీ వాళ్లు ఇంటికి పంపాక నానమ్మ ఊరుకోలేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్ల వరుస ఒకటి ఉంటుంది. ఆ వరుసలో మూడు పొయ్యిరాళ్లు పెట్టుకుంది. షిఫ్టు దిగినవాళ్లు, షిఫ్టు ఎక్కబోయేవాళ్లు, రుద్రారం హాస్టల్లో అన్నం నచ్చక వచ్చే పిల్లలు, అందరూ ఆ వరుస ముందే ఆగుతారు. బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు "అమ్మా, దో రోటీ, మిర్చీ జ్యాదా" అంటే, నానమ్మ "గంత మిర్చి తింటే పొద్దుగాల ఏడుస్తవ్ కొడకా" అని తెలుగులోనే చెప్పి ఇంకాస్త కారం వేస్తుంది. వాళ్లకు అర్థం కాదు. నవ్వుకుంటూ తింటారు, మళ్లీ మర్నాడు వస్తారు.

ఆమె చెయ్యి పడితే జొన్నపిండి చంద్రుడైపోతుంది. ఇది మాత్రం బడాయి కాదు, నేను ఆ రొట్టెల మీదే పెరిగాను. "అత్తమ్మా, ఇగ చాలు, ఇంట్ల కూసోరాదు" అని మా అమ్మ రేఖ ఎన్నోసార్లు అంది. నానమ్మ జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఆ పీట మీద కూసుంటె మనిషిని. ఇంట్ల కూసుంటె సామాన్‌ను."

ఆ వరుసకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా ఎవరూ దాటరు. దసరా నాడు మా దగ్గర అందరూ తమ తమ పనిముట్లకు పూజ చేసుకుంటారు కదా. ఆ రొట్టెల వాళ్లు పొయ్యిరాళ్లకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పొయ్యి ముట్టిస్తారు. మొదటి రొట్టెను అమ్మరు, తినరు. చేసిన మనిషే పీట మీద నుంచి లేచి, తన చేత్తో పక్క పొయ్యి ఆమెకు ఇచ్చి రావాలి. అలా ఇచ్చిన మనిషికి మళ్లీ దసరా దాకా ఆ జాగా ఖాయం. మధ్యలో ఎన్నాళ్లు రాకపోయినా, ఆ నల్లబడ్డ రాళ్లను ఎవరూ కదిలించరు. దసరా నాడు పొయ్యి ముట్టించకపోతే మాత్రం ఆ రాళ్లు ఉత్త రాళ్లే.

పోయిన శివరాత్రి దాటాక ఒక సాయంత్రం రొట్టెలు అయిపోయాయి, నిప్పు ఆర్పింది, నానమ్మ మాత్రం పీట మీద నుంచి లేవలేకపోయింది. మోకాలి నొప్పి కాదు. తొడల్లో బలమే లేదు. ఆ బిహార్ కుర్రాళ్లే ఇద్దరు చెరో రెక్క పట్టి లేపి ఆటో ఎక్కించారు. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మీద మా నాన్న వెంకటేశం వీపున మోసుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆమె కిందికి దిగలేదు. దిగితే డాక్టరు దగ్గరికే, అదీ నాన్న వీపు మీదే.

పటాన్‌చెరులో మేం చూపించుకునే డాక్టరు పేరు రమ్యశ్రీ. వాళ్ల అమ్మానాన్నలు కోస్తా నుంచి పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంట్లో నేర్చిన మాటే. రక్తపరీక్ష కాగితం చూసి ఆమె మెల్లగా చెప్పింది.

"డి విటమిన్ బాగా తక్కువగా ఉందమ్మా. ఎండ తగలక ఎముకలూ కండలూ బలహీనపడ్డాయి. అందుకే లేవలేకపోతున్నారు."

నానమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటుందే ఈమె?"

"నీకు ఎండ తక్కువైందట."

"నాకా?"

నవ్వు ఆపుకోవడానికి నేను గోడ మీది పటం చూశాను. నానమ్మ కుర్చీలో నిటారుగా అయింది.

"బిడ్డా, నీ ఈడుకు రెండింతలు నేను ఎండల పని చేసిన. ఆ ఎండంత యాడికి పోయినట్టు?"

"ఎండ దాచుకుంటే ఉండదమ్మా. అప్పటిది అప్పుడే అయిపోతుంది. మీరు పగటిపూట ఎండలో తిరిగి ఎన్నేళ్లయింది?"

నానమ్మ ఆలోచించింది. కంపెనీ హాలు గుర్తొచ్చినట్టుంది, సాయంత్రం పొయ్యి గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించి, "చేన్లు పోయినప్పటి సంది లేదు" అంది.

డాక్టరమ్మ రెండు చెప్పింది. వారానికోసారి పాలల్లో కలుపుకుని తాగే పొడి ఒకటి. రోజూ మధ్యాహ్నానికి ముందు కాసేపు, చేతులకూ కాళ్లకూ ఎండ తగిలేలా కూర్చోవడం రెండోది. నానమ్మ వెంటనే అడిగింది.

"దసరాకు పీట మీదికెల్లి లేస్తనా?"

"చెప్పినట్టు చేస్తే లేస్తారు."

చెప్పినట్టు చేస్తే అన్న ముక్క నానమ్మ చెవిలో పడలేదని ఇంటికి వచ్చాక తెలిసింది. పొడి ప్యాకెట్లను దేవుడి పటాల వెనక పెట్టింది. గోళీలూ పొడులూ డబ్బాల్లో సర్దీ సర్దీ వాటి మీద ఆమెకు విరక్తి పుట్టింది. హోటల్లో వంట చేసేవాడు ఆ హోటల్లో తినడు కదా, అలాంటిది.

"ఉత్తగ దొరికే ఎండ ఉండంగ పొడెందుకు" అంది నాతో. అమ్మ మాత్రం వారం వారం అడిగేది.

"అత్తమ్మా, పొడి తాగినరా?"

"తాగుత తియ్."

మా నానమ్మ అబద్ధం ఆడదు. తాగుత అనేది గానీ, తాగిన అని ఒక్కసారీ అనలేదు.

ఇక ఎండ సంగతి. కిందికి దిగలేదు, పైకి ఎక్కలేదు. డాబా తలుపుకు ఓనరు తాళం. ఇంట్లోకి ఎండ వచ్చేది ఒకే దారిన, హాల్లో పడమటి కిటికీలోంచి, అదీ పొద్దు తిరిగాక. ఆ కిటికీ అద్దం ఎప్పుడూ మూసే ఉంటుంది. హైవే దుమ్ము ఒకవైపు, గాలి మళ్లినప్పుడు వచ్చే ఘాటు వాసన ఒకవైపు. మా వీధిలో కిటికీలు చూడ్డానికే, తెరవడానికి కాదు. కొత్తగా కిరాయికి దిగినవాళ్లు మొదటి రోజు తెరుస్తారు. రెండో రోజు మాలో కలిసిపోతారు.

ఆ అద్దం పక్కన నానమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. చీర మోకాళ్ల దాకా లాక్కుని, రవిక చేతులు పైకి మడిచి, దీక్షలా కూర్చునేది. మండే ఎండాకాలం. ఆ అద్దం పక్కన కూర్చోవడం అంటే పెనం మీద కూర్చోవడమే. నేను ఫ్యాన్ వేస్తే కేకేసేది.

"బంద్ చెయ్. గాలికి ఎండ కొట్టుకపోతది."

"ఎండ కొట్టుకపోనీకి అదేమన్న వడ్ల పొట్టా నానమ్మ?"

"ఇంటర్ ఫెయిలయినదానివి, నువ్వు జెప్పకు."

అమ్మకు మొదట్లోనే అనుమానం వచ్చింది. అద్దం మూసుకుని కూర్చుంటే ఎండ తగిలినట్టేనా అని రాత్రి అన్నాల దగ్గర అడిగింది. అప్పుడు మా నాన్న తన రెండు చేతులూ కంచం మీదుగా చాపాడు. ఆయన కంపెనీ స్టాఫును తిప్పే క్యాబ్ నడుపుతాడు. లోపల ఏసీ, అందుకని అద్దాలు దించే పనే లేదు. అయినా స్టీరింగు పట్టుకునే కుడి చెయ్యి, అద్దం వైపు ఉండేది, మోచేతి దాకా బొగ్గు. ఎడమ చెయ్యి గోధుమ పిండి. ఒక్క మనిషికి ఇద్దరి చేతులు అతికించినట్టు ఉంటాడు.

"అద్దంలకెల్లి ఎండ రాకుంటె ఇదెట్ల నల్లగైందే?" అన్నాడు.

అంతే, పంచాయితీ ముగిసింది. ఆ కుడి చేతిని మించిన సాక్ష్యం మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. అమ్మ కూడా ఒప్పుకుంది. నేను కూడా.

రోహిణి కార్తె వచ్చేసరికి ఇంకో సాక్ష్యం తయారైంది. నానమ్మ టీవీ వైపు తిరిగి కూర్చుంటుంది, అప్పుడు ఆమెకు ఎడమ పక్కన కిటికీ. ఎడమ చెంప, ఎడమ మోచెయ్యి కమిలి నల్లబడ్డాయి. చెంప మీద కొత్త మచ్చలు, కంటి కింద కొత్త ముడతలు. కుడి చెంప మాత్రం పాతదే.

"నానమ్మ, ఒక్క దిక్కే కాలిన రొట్టె లెక్క ఉన్నవ్. జెర తిప్పెయ్యి."

"తిప్పితే టీవీ కనపడది" అంది. కానీ చేతి అద్దం తెప్పించుకుని ఎడమ చెంప చూసుకుని మురిసిపోయింది. "సూసినవా, ఎండ ఎట్ల పట్టిందో. ఇగ కాళ్లకు దిగుడే ఆలస్యం."

కాళ్లకు దిగలేదు. కుర్చీలోంచి లేవడానికి ఇంతకు ముందు ఒక చెయ్యి సాయం కావాల్సి వచ్చేది, ఇప్పుడు రెండు. రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా అమ్మను పిలిచేది. ఎడమ చెంప రోజురోజుకూ నల్లబడుతోంది, కాళ్లు రోజురోజుకూ సన్నబడుతున్నాయి. మేం చెంప చూసి సంతోషపడ్డాం.

అప్పుడు ముత్యమ్మ వచ్చింది. చౌరస్తాలో నానమ్మ పక్క పొయ్యి ఆమెదే. అన్ని మెట్లూ ఎక్కి, ఒగరుస్తూ నానమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. రోజూ తన పొయ్యి ముట్టించే ముందు నానమ్మ పొయ్యిరాళ్ల మీద ఇన్ని నీళ్లు చల్లి తుడుస్తానని చెప్పింది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"నూడుల్స్ బండి పిలగాడొకడు దినాం వొచ్చి నీ రాళ్ల కాడ నిలబడుతున్నడక్కా. చెడ్డోడు కాదు. పోరగాడికి గూడ బతుకుదెరువు గావాలె గదా. దసరా దాంక నేను ఆపుత. ఆ దినం నువ్వు ముట్టియ్యకుంటె నాతోని గాదు. అది నా ఒక్కదాని మాట గాదు, వరుస మాట."

"నీ తప్పేమున్నది ముత్యమ్మా" అంది నానమ్మ. "రాళ్లు తుడుస్తున్నవ్, గదే మస్తు."

ముత్యమ్మ వెళ్లిపోయింది. ఎదురు షెడ్డు వెనక పొద్దు గూకింది. వీధిలో దీపాలు వెలిగినా నానమ్మ ఆ కుర్చీలోనే ఉంది, చీర మోకాళ్ల పైన, రవిక చేతులు మడిచి.

"ఎండ పోయింది నానమ్మ. లోపటికి పోదాం పా."

"ఉండు" అంది. "ఇంత ఏమన్న మిగిలిందేమో సూస్తున్న."

 పక్కన నేలమీద కూర్చున్నాను, అంతే.

మొదటి వానలు పడ్డాక మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నాన్న వీపు మీద నుంచి నానమ్మను కుర్చీలో దించాడు. కొత్త పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. మునుపటి కంటే ఇంకా తగ్గింది.

"ఎండలో కూర్చుంటున్నారా అమ్మా?"

"దినాం. ఒక్కదినం గూడ ఇడువలె." నానమ్మ ఎడమ చెంప ముందుకు చాపింది. "ఇగో, సూడు బిడ్డా."

డాక్టరమ్మ చూసింది. చెంప వేలితో తాకింది. తర్వాత కుడి చెంప చూసింది. తర్వాత నా వైపు చూసి అడిగింది.

"ఎక్కడ కూర్చుంటారు ఈవిడ?"

"కిటికీ కాడ మేడం."

"కిటికీ తెరిచా, మూసా?"

"మూసే. వాసనొస్తది, దుమ్మొస్తది."

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. నాన్న తన కుడి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు, ఇంటి పంచాయితీలో గెలిచిన చెయ్యి కదా. "మేడం, అద్దంలకెల్లి ఎండొస్తది. నా చెయ్యి సూడున్రి" అన్నాడు.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. కానీ మా మీద నవ్వలేదు, ఆ చేతినీ ఆ చెంపనూ పక్కపక్కన చూసి నవ్వింది. నెమ్మదిగా చెప్పింది. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలవి మనల్ని చేరతాయట. ఒకటి డి విటమిన్ తయారుచేసేది. ఎక్కువైతే ఒళ్లు మండించేదీ అదే. రెండోది చర్మం లోపలికి దిగి నల్లబరిచేది, మచ్చలూ ముడతలూ తెచ్చేది. మామూలు అద్దం మొదటిదాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. రెండోదాన్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. ఇంటి కిటికీ అయినా అంతే, కారు పక్క అద్దం అయినా అంతే.

నానమ్మ అంతా విని, నన్ను చూడకుండా, డాక్టరమ్మనే చూస్తూ అంది.

"అంటే, మంచోన్ని గడప అవుతల నిలబెట్టి, దొంగను లోపటికి పిలిచి కుర్సేసి కూసోబెట్టిన."

"అచ్చంగా అంతేనమ్మా."

"మరి పొడి?" అని అప్పుడు అడిగింది డాక్టరమ్మ. "పొడి తాగితే అద్దం ఉన్నా లేకున్నా విటమిన్ పెరగాలి కదా."

నానమ్మ నేల చూసింది. అమ్మ రాలేదు కాబట్టి బతికిపోయింది. "పటాల ఎనక ఉన్నది" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. అందుకు ఆమె కడుపు చల్లగా ఉండాలి. కోప్పడి ఉంటే నానమ్మ మొండికేసేది, ఈ కథ ఇక్కడే ఆగేది. ఆమె కుర్చీ దగ్గరికి జరిపి, "దసరాకు లేవాలా వద్దా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న ఆమె గుర్తుపెట్టుకుందని అప్పుడు తెలిసింది మాకు. వర్షాకాలం మబ్బుల్లో ఎండ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదని, పొడి తప్పనిసరని, దానితో పాటు ఆరుబయట ఎండ దొరికినప్పుడల్లా కూర్చోమని చెప్పింది. నాన్నను పొడుగు చేతుల చొక్కా వేసుకుని బండి నడపమంది.

ఆ రాత్రి నానమ్మ మొదటి పొడి పాలల్లో కలిపించుకుంది. కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని, పెద్ద విషం మింగినట్టు మింగింది. కళ్లు తెరిచి గ్లాసు అడుగు చూసింది.

"తియ్యగనే ఉన్నది" అంది, ఎవరో మోసం చేసినట్టు.

డాబా తాళం మా ఇంటి ఓనరు మురళీమోహన్ గారి దగ్గర ఉంటుంది. ఎవరికీ ఇవ్వడని పేరు. అమ్మ వెళ్లి అడిగితే, ఎందుకని కూడా అడగకుండా, "పెద్దావిడ కోసమే కదమ్మా, మీ దగ్గరే ఉంచుకోండి" అని ఇచ్చేశాడట. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అందుకే ఆయన ఇవ్వలేదు. ఆయన గురించి నేను అన్న మాటలన్నీ ఆ రోజు వెనక్కి తీసుకున్నాను.

ఇక మెట్లు. ముందు అమ్మ చెయ్యి పట్టి లాగడం, వెనక నుంచి నేను నెట్టడం. నానమ్మను డాబా ఎక్కించడం బియ్యం బస్తా ఎక్కించడం లాంటిది కాదు. బస్తా తిట్టదు.

"మెల్లగ, నేనేమన్న చెత్తబుట్టనా?"

"చెత్తబుట్టయితే ఒక్కదాన్నే ఎత్తుకపోతుంటి నానమ్మ."

మొదటి రోజు పై అంతస్తు దాకా కూడా వెళ్లలేకపోయాం. మెట్ల మీదే కూర్చున్నాం ముగ్గురం. అమ్మ హాస్టల్ మెస్సులో పనికి పోవాల్సిన మనిషి, ఆ మెట్ల మీద ఏ తొందరా లేనట్టు కూర్చుని అత్త కాళ్లు ఒత్తింది. ఇద్దరికీ ఎప్పుడూ పడదని నేను అందరితో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను.

డాబా చేరిన రోజు నానమ్మ నీళ్ల ట్యాంకు పక్కన చాప మీద కాళ్లు చాపి, అటు పాశమైలారం దాకా కనిపించే షెడ్లను చూసింది. ఏ షెడ్డు ఎవరి చేనో వేలితో చూపించి చెప్పింది. ఇది కంది చేను, అది చెరకు, ఆ నీలం రేకుల కింద మస్తు జొన్న పండేది. వాసన ఉంది, దుమ్ము ఉంది. ముక్కు మీద కొంగు కప్పుకుంది గానీ చేతులు మాత్రం కప్పుకోలేదు. మబ్బు అడ్డం వస్తే దానితో తగువు పెట్టుకునేది.

"జరుగు. నీకింకేం పని లేదా?"

మబ్బు జరిగేది. రెండడుగులో మూడడుగులో నేను కొలవలేదు.

ఆ చాప మీదే ఆమె ఇంకో పని చేసింది. ప్యాకింగ్ రోజుల నాటి తెల్లకోటు ఒకటి పెట్టె అడుగున ఉంది. దాని చెయ్యి కత్తిరించి, పై అంచుకు లాస్టిక్ కుట్టి, నాన్నకు కుడి చేతికి తొడుగు చేసింది. నాన్న ఆ ఒంటిచేతి తొడుగుతో క్యాబ్ నడుపుతుంటే తోటి డ్రైవర్లు పెళ్లికొడుకు అని పిలుస్తున్నారట. అయినా తియ్యడు. పడమటి కిటికీకి అమ్మ దళసరి పరదా కట్టింది.

వారాలు గడిచాయి. మొదట నానమ్మ పక్క మీద తనంతట తాను తిరిగింది. తర్వాత కుర్చీలోంచి ఒక చెయ్యి సాయంతో, తర్వాత గోడ సాయంతో. బతుకమ్మ రోజుల్లో మెట్లు దిగి, వీధిలో ఆడేవాళ్లను చూడ్డానికి కుర్చీ వేయించుకుంది. కానీ పీట మీద నుంచి లేవడం వేరు. ఇంట్లో పీట వేస్తే వద్దనేది.

"ఈడ లేస్తె ఏమున్నది? ఆడనే లేస్త. లేకుంటె లేదు."

భయమేసిందని ఒప్పుకోవడం ఆమె భాషలో అలా ఉంటుంది.

దసరా సాయంత్రం నాన్న క్యాబ్‌లో చౌరస్తాకు వెళ్లాం. పొయ్యిరాళ్లు తళతళలాడుతున్నాయి, ముత్యమ్మ ముందే కడిగి పెట్టింది. నూడుల్స్ కుర్రాడు బండి రోడ్డు అంచున ఆపుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వరుసలో ఆడవాళ్లందరూ తమ పొయ్యిలు చూసుకుంటున్నట్టే ఉన్నారు గానీ అందరి చూపూ ఇటే.

నానమ్మ రాళ్లకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. నా భుజం పట్టుకుని పీట మీద కూర్చుంది. పొయ్యి ముట్టించింది. వేడినీళ్లు పోసి పిండి కలిపింది. ఇన్ని నెలలు ఖాళీగా ఉన్నా ఆ చేతులు ఏమీ మరిచిపోలేదు. రొట్టె తట్టే చప్పుడు మొదలవగానే చౌరస్తాలో సగం మంది తలలు తిప్పారు. రొట్టె పెనం మీద పడింది, తడిగుడ్డతో అద్దింది, తిప్పింది. రెండు దిక్కులా ఒకేలా కాలింది. నేను గమనించానని ఆమె గమనించింది.

రొట్టెను విస్తరాకులో పెట్టుకుంది. ఇక లేవాలి.

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. తొడుగు ఉన్న ఆ కుడి చెయ్యి పట్టుకుని నేను ఆపాను.  

నానమ్మ ఎడమ అరచెయ్యి మోకాలి మీద ఆనించింది. ఒకసారి ఊగింది. లేవలేదు. ముత్యమ్మ తన పొయ్యిలో కట్టె సర్దుతూ, అటు చూడకుండానే, "నిమ్మళంగనే అక్కా, రొట్టె సల్లారినా తింట" అంది. నానమ్మ మళ్లీ ఊగింది. నడుము లేచింది, మోకాళ్లు లేచాయి, చివరికి తల లేచింది. విస్తరాకులో రొట్టె జారలేదు. అడుగులు వేసుకుంటూ వెళ్లి ముత్యమ్మ చేతిలో పెట్టింది.

"తిను" అంది. "నా రాళ్లను కాపాడినవ్."

ముత్యమ్మ తినలేదు.  సగం తుంచి నానమ్మ నోట్లో పెట్టింది. కట్టుబాటు ప్రకారం అది తప్పే. వరుసలో ఎవరూ చూడనట్టు ఉండిపోయారు.

రెండో రొట్టె నూడుల్స్ కుర్రాడికి వెళ్లింది, దండిగా కారంతో. వరుస చివర కరెంటు స్తంభం దగ్గర జాగా ఉందని, అక్కడ పెట్టుకొమ్మని నానమ్మే చెప్పింది. మర్నాడు రొట్టెలు మూట కట్టి నేను డాక్టరమ్మకు ఇచ్చి వచ్చాను. ఆమె అక్కడే, బల్ల మీదే, ఒకటి చుట్టుకుని తినేసింది. నడిచింది నానమ్మ కాళ్లే అయినా, ఎంతమంది నెడితే నడిచాయో రాస్తున్నప్పుడు నాకు తెలిసింది.

ఇదంతా రాసి నానమ్మకు చదివి వినిపించాను. ఎండ రెండడుగులు వెనక్కి వేసిన చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాలిన రొట్టె దగ్గర నా వీపున ఒకటి వేసింది. అయిపోయాక, "ఎట్లున్నది నానమ్మ?" అని అడిగాను.

నా గడ్డం పట్టుకుని, పరదా వేసి ఉండడంతో పగలే వెలుగుతున్న ట్యూబులైటు వైపు తిప్పి, అటూ ఇటూ చూసింది.

"ఇదంత లోపట కూసోనే రాసినవా? మొహం సూడు, ఎట్ల పాలిపోయిందో. లే, డాబా మీదికి నడువు."